గనిలోని మీథేను, గాజుగొట్టములోని మెరుపు

కొత్తగూడెము ప్రాంతపు భూగర్భగనిలో పనివారి కంటె ముందుగా సర్దారు పనిస్థలమునకు పోయి, చేతిలోని రక్షణదీపము వత్తిని తగ్గించి, దానిని మెల్లగా పైకప్పు వైపునకు ఎత్తి చూచుట ఒకప్పుడు ప్రతి షిఫ్టులోను జరిగెడి పని. చిన్న జ్వాల మీద లేత నీలిరంగు టోపీ వంటిది కనబడినచో అచటి గాలిలో మీథేను చేరినదని అర్థము. టోపీ ఎంత పొడవుగా నున్నచో వాయువు అంత ఎక్కువ. మీథేను గాలిలో దాదాపు సగము బరువు మాత్రమే కలది గనుక అది పైకప్పు క్రిందనే పొరగా నిలుచును; దీపమును పైకెత్తుట అందులకే. నేడు ఆ పనిని చేతిలో ఇమిడెడి మీథేను మాపకములు చేయుచున్నవి. పరికరము మారినను నియమము మారలేదు. గాలిలో మీథేను నూటికి 1.25 వంతులు మించినచో ఆ భాగమునకు విద్యుత్తును ఆపివేసి, మనుష్యులను వెలుపలకు పంపవలెను.

అదే గోదావరిలోయ బొగ్గుక్షేత్రములో, ఉత్తరముగా రామగుండమునకు పోయినచో కథ తలక్రిందులగును. కాకినాడ దాపుననున్న మల్లవరము నుండి సుమారు 365 కిలోమీటర్ల పొడవున నేలలో పరచిన ఉక్కుగొట్టము ద్వారా అచటి ఎరువుల కర్మాగారమునకు సహజవాయువు వచ్చుచున్నది. సహజవాయువులో అత్యధిక భాగము మీథేనే. ఒకచోట పెద్ద పంకాలు పెట్టి తరిమివేయు వాయువును మరియొకచోట వెల యిచ్చి తెప్పించుకొనుచున్నారన్న మాట. గనిలో అది పలుచగా, చెల్లాచెదరుగా ఉండుట ఒక కారణము. రెండవ కారణము రసాయనికమైనది: మీథేనును మండించుట ఎంత సులభమో, మండించకుండ దానిని వేరొక పదార్థముగా మార్చుట అంత కష్టము. ఈ కష్టమును దాటుటకు గత రెండు శతాబ్దములుగా జరిగిన ప్రయత్నములలో ఒకటి విద్యుత్తు మార్గము. దాని కథ మీథేను కథతోపాటే మొదలైనది.

1776వ సంవత్సరము నవంబరులో ఇటలీ దేశపు అలెస్సాండ్రో వోల్టా మజ్జోరె సరస్సు ఒడ్డున, అంజేరా అను గ్రామము వద్ద, పడవలో కూర్చుండి బురదను కర్రతో కదలించి, పైకి వచ్చిన బుడగలను నీటితో నింపిన సీసాలో పట్టెను. ఆ వాయువు నీలిజ్వాలతో మండెను. నాలుగేండ్ల క్రింద అడుగున కుళ్ళిన ఆకులు, అలములు ఇచ్చిన ఆ వాయువే కోట్ల ఏండ్ల క్రింద కుళ్ళి బొగ్గైన అడవులలోను చిక్కుకొని యున్నది. వోల్టా అంతటితో ఊరుకొనలేదు. మూసిన పాత్రలో మండు వాయువును, గాలిని కలిపి, విద్యుత్ స్ఫులింగముతో పేల్చెడి చిన్న తుపాకీ నొకదానిని తయారుచేసెను. విద్యుద్ఘటమును కనుగొని లోకప్రసిద్ధుడగుటకు ఇరువది ఏండ్లకు పైగా ముందటి మాట ఇది. విద్యుత్తుకును, మండు వాయువులకును మొదటి పరిచయము పేలుడుతోనే జరిగినది.

గనులలో ఆ పేలుడు ఆటబొమ్మ కాదు. గాలిలో మీథేను నూటికి 5 వంతులు మొదలు 15 వంతుల వరకు ఉన్నచో చిన్న నిప్పురవ్వ చాలును. 1812వ సంవత్సరము మే 25వ తేదీన ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో జరిగిన విస్ఫోటనములో 92 మంది చనిపోయిరి. ఆ వార్త కదలించిన పిమ్మటనే 1815లో సర్ హంఫ్రీ డేవీ సన్నని తీగెవలలో జ్వాలను బంధించిన రక్షణదీపమును రూపొందించెను. వలలోని లోహము జ్వాల వేడిని లాగివేయుటచే మంట వెలుపలి వాయువునకు అంటుకొనదు. పైన చెప్పిన సర్దారు చేతి దీపము దాని సంతతియే.

మన ప్రాంతమున బొగ్గు చరిత్ర అందరికిని తెలిసినదే గనుక రెండు మాటలు చాలును. భారత భూగర్భ పరిశోధక శాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ 1871లో ఎల్లందు వద్ద బొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాదు (దక్కన్) కంపెనీ 1889లో త్రవ్వకము ప్రారంభించెను. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారెను; 1945లో నిజాము ప్రభుత్వము అధిక వాటాలను కొనెను. ఆ సంస్థ ప్రధాన కార్యాలయము కొత్తగూడెములో నున్నది. వాయువు విషయములో ఈ గనులు ఝరియా గనులవలె భయంకరములు కావు. మన గనుల నిబంధనలు వెలువడు మీథేనును బట్టి బొగ్గుపొరలను మూడు తరగతులుగా విభజించినవి. టన్ను బొగ్గునకు ఒక ఘనపు మీటరు లోపున వాయువు వచ్చినచో మొదటి తరగతి, పది ఘనపు మీటర్లు దాటినచో మూడవ తరగతి. సింగరేణి గనులలో ఎక్కువ భాగము మొదటి తరగతిలోనివి. గనులు లోతునకు పోవుకొలది మాత్రము వాయువు హెచ్చుట ప్రకృతి ధర్మము.

ఇక మీథేను మొండితనమును గూర్చి చూడవలెను. ఉన్నత పాఠశాలలో సోడియం ఎసిటేటును, సోడాసున్నమును కలిపి కాల్చి మీథేనును తయారుచేయు ప్రయోగము ఉపాధ్యాయులకు పరిచితమే. ఆ గాజుజాడీలోని వాయువును ఆమ్లములో వేసినను, క్షారములో వేసినను మార్పు లేదు. బ్రోమిను నీటి రంగు పోదు. ఒక కర్బన పరమాణువు నడుమ, నాలుగు ఉదజని పరమాణువులు నాలుగు మూలలందు చతుర్ముఖిగా అమరి, అన్ని వైపుల సమానముగా ఉండుటచే ఇతర పదార్థములు పట్టుకొనుటకు అందులో 'పిడి' యనదగినది లేదు. మొదటి ఉదజనిని ఊడదీయుటకు గ్రాము అణుభారమునకు, అనగా 16 గ్రాములకు, 439 కిలోజౌళ్ల శక్తి కావలెను. అంతకంటె చిక్కైన సంగతి మరియొకటి కలదు. మీథేనుకు కొంచెము ఆమ్లజనిని చేర్చినచో మెథనాలు రావలెను. అది ఎంతయో ఉపయోగకరమైన ద్రవము. కాని మెథనాలులోని కర్బన ఉదజని బంధము మీథేనులోని దానికంటె బలహీనమైనది. అందుచేత మీథేనును కదలించగల వేడిలో మెథనాలు నిలువదు. బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా కాలిపోవును. తాళము పగులగొట్టు సుత్తి పెట్టెలోని గాజుసామానును కూడ పగులగొట్టినట్లున్నది ఈ వ్యవహారము.

పరిశ్రమలు ఈ చిక్కును విడదీయలేదు, చుట్టి పోయినవి. మీథేనును మొదట పూర్తిగా ముక్కలుచేసి, ఆ ముక్కలతో కావలసినది కట్టుకొనుట వాటి పద్ధతి. నికెలు ఉత్ప్రేరకము నింపిన గొట్టములలో మీథేనును, నీటియావిరిని 800 నుండి 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కలిపినచో కార్బన్ మోనాక్సైడు, ఉదజని వచ్చును. ఉదజనిని నత్రజనితో కలిపి అమ్మోనియా, దాని నుండి యూరియా చేయుదురు. రామగుండములో నేడు జరుగుచున్నది ఇదియే. కాని అచట మొదట జరిగినది ఇది కాదు.

భారత ఎరువుల సంస్థ రామగుండములో కట్టిన మొదటి కర్మాగారము 1980లో ఉత్పత్తి ప్రారంభించెను. దానికి ముడిపదార్థము ప్రక్కనే దొరకు బొగ్గు. బొగ్గుపొడిని ఆమ్లజని, నీటియావిరులతో మండించి వాయువుగా మార్చి, రోజునకు 900 టన్నుల అమ్మోనియా చేయవలెనని సంకల్పము. ఒరిస్సాలోని తాల్చేరులోను అట్టిదే కట్టిరి. బొగ్గుగల దేశమునకు నాఫ్తాను దిగుమతి చేసికొను అవస్థ తప్పవలెనని ఆ కాలపు ఆశ. అది తప్పు ఆశ కాదు. అయినను విద్యుత్ సరఫరాలోని అంతరాయములు, యంత్రముల ఇబ్బందులు, బూడిద హెచ్చుగానున్న బొగ్గు దానిని నిలువనీయలేదు. కర్మాగారము 1999లో మూతబడెను. అదే స్థలమున రామగుండం ఎరువులు, రసాయనముల సంస్థ సహజవాయువుతో కట్టిన కొత్త కర్మాగారము 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించెను. ఏటికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యము. బొగ్గుగనుల నడుమ నిలిచి, బొగ్గును విడిచి, సముద్రతీరము నుండి మీథేనును తెప్పించుకొను ఈ కర్మాగారమును చూచిన విద్యార్థికి ఒక ప్రశ్న తోచక మానదు: బొగ్గుపొరలలోనే ఉన్న మీథేను మాట ఏమి?

వేడి మార్గము అందులకు అనువైనది కాదు. 900 డిగ్రీల కొలిమిని పెద్దదిగా కట్టి, ఏడాది పొడవున ఆర్పకుండ నడిపినప్పుడే అది గిట్టుబాటగును. వేడెక్కించుటకే గంటల కొలది పట్టును. చిన్న మొత్తములో, ఒకనాడు ఎక్కువగా, ఒకనాడు తక్కువగా వచ్చు వాయువునకు చిన్నదియు, మీట నొక్కగనే పనిచేయునదియు అగు పరికరము కావలెను. వోల్టా స్ఫులింగము మరల ఇచట ప్రవేశించుచున్నది.

1857లో జర్మనీలో వెర్నర్ సీమెన్సు ఒక గొట్టమును చేసెను. ఒకదానిలో నొకటి అమరిన రెండు గాజుగొట్టములు. లోపలి గొట్టపు లోపలి వైపున, వెలుపలి గొట్టపు వెలుపలి వైపున లోహపు పూత. రెండింటి నడుమ సన్నని సందు. ఆ సందులో గాలిని పంపి, లోహపు పూతలకు అధిక వోల్టేజి గల ఏకాంతర విద్యుత్తు నిచ్చినచో చప్పుడు లేకుండ లేత ఊదారంగు కాంతి వెలుగును. గాలిలోని ఆమ్లజని ఓజోనుగా మారును. దీనికి 'నిశ్శబ్ద విద్యుదుత్సర్గము' అని పేరు వచ్చినది. 1906లో ఫ్రాన్సులోని నీస్ నగరమున త్రాగునీటిని ఓజోనుతో శుద్ధిచేయుట ప్రారంభించిరి. నేటికిని ఓజోను తయారీకి ఈ సూత్రమే ఆధారము.

ఇట్టి గొట్టములో ఆక్స్‌ఫర్డు రసాయనశాస్త్రజ్ఞుడు సర్ బెంజమిన్ బ్రాడీ 1873లో కర్బనపు ఆక్సైడులను, ఉదజనిని కలిపి పంపి మీథేనును పొందెను. నేటి పరిశోధకులు కోరునది దీనికి సరిగా వ్యతిరేకదిశ. విద్యుదుత్సర్గము ఇరువైపుల నడువగల త్రోవ అని ఆనాడే తెలిసినదన్న మాట. కాని ఆ గొట్టములలో వచ్చు పదార్థము అతి స్వల్పము. పరిశ్రమ దృష్టి వేరొక వైపునకు మళ్ళెను.

ఆ వేరొక వైపు విద్యుత్ చాపము. 1862లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్తెలో ఉదజనిలో రెండు బొగ్గుకడ్డీల నడుమ చాపమును వెలిగించి ఎసిటిలీనును తయారుచేసెను. 1940లో జర్మనీలోని హ్యూల్స్ సంస్థ మార్ల్ పట్టణమున మీథేను గల వాయువులను చాపములోనుండి పంపి, వెంటనే నీటితో చల్లార్చి, ఎసిటిలీనును పెద్దయెత్తున తీయసాగెను. యుద్ధకాలమున కృత్రిమ రబ్బరునకు అది ముడిసరకు. వెంటనే చల్లార్చుటయే అందలి కిటుకు. క్షణములో వెయ్యవ వంతు ఆలస్యమైనను ఎసిటిలీను మసిగా మారును. చాపమునందు సర్వమును వేడియే: ఎలక్ట్రాన్లును వేడి, అణువులును వేడి, గోడలును కరగునంత వేడి. కొత్తగూడెము వారికి ఇట్టి చాపము దూరపు సంగతి కాదు. ప్రక్కనున్న పాల్వంచలో 1970 దశకము నుండి ఫెర్రో మిశ్రలోహములను తీయు విద్యుత్ కొలుములలో మండునది చాపమే.

నిశ్శబ్ద ఉత్సర్గమునకును చాపమునకును భేదమేమి? రెండింటియందును వాయువులోని కొన్ని అణువులు ఎలక్ట్రాన్లను పోగొట్టుకొని అయాన్లైనవి. ఇట్టి వాయువునకు 1928లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్మ్యూర్ 'ప్లాస్మా' అని పేరుపెట్టెను. అంతకు ముందే, 1920లో మన మేఘనాథ్ సాహా నక్షత్రములలోని వాయువు ఏ ఉష్ణోగ్రతలో ఎంతవరకు అయాన్లగునో తెలుపు సమీకరణమును ప్రకటించెను. సాహా సమీకరణము సర్వమును ఒకే ఉష్ణోగ్రతలో నున్న ప్లాస్మాకు వర్తించును. నిశ్శబ్ద ఉత్సర్గములో అట్టి సమత లేదు. ఒకే సందులో రెండు ఉష్ణోగ్రతలు కాపురముండును.

దీనికి ఉదాహరణ తరగతి గదిలోనే ఉండెడిది. వెలుగుచున్న ట్యూబులైటును చేతితో తాకినచో గోరువెచ్చగా మాత్రమే ఉండును. దానిలోని ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత మాత్రము పదివేల డిగ్రీల పైమాట. చేయి కాలకపోవుటకు కారణము బరువులలోని భేదము. మీథేను అణువు ఎలక్ట్రాను కంటె సుమారు 29,000 రెట్లు బరువైనది. ఒక గోలీకాయ విసురుగా వచ్చి క్వింటాలున్నర బరువుగల బండరాయికి తగిలినట్లే. గోలీ వేగముగానే తిరిగి పోవును, బండ కదలదు. ఇట్లు ఎలక్ట్రాన్లు తమ శక్తిని అణువుల కదలికకు, అనగా వేడికి, అంతగా ఇయ్యవు. కాని ఆ గోలీ సూటిగా బండలోని పగులుమీద తగిలినచో మాట వేరు. ఒక ఎలక్ట్రాన్ వోల్టు శక్తి సుమారు 11,600 డిగ్రీల ఉష్ణోగ్రతకు సమానము. మీథేనులోని బంధమునకు కావలసినది 4.5 ఎలక్ట్రాన్ వోల్టులు. నిశ్శబ్ద ఉత్సర్గములోని ఎలక్ట్రాన్లలో అంతకు మించిన శక్తి గలవి చాల కలవు. అవి మీథేనును కొట్టి ఉదజనిని ఊడగొట్టును. చుట్టునున్న వాయువు మాత్రము నూరు, రెండు వందల డిగ్రీలలోనే ఉండును. తాళము పగులును, గాజుసామాను కొంతవరకైనను నిలుచును.

సీమెన్సు గొట్టములోని గాజు ఇచట అలంకారము కాదు. రెండు లోహముల నడుమ గాజు లేనిచో మొదటి మెరుపే చాపముగా మారి సర్వమును వేడెక్కించును. గాజు ఉన్నందున మెరుపు తగిలిన చోట విద్యుదావేశము పోగై, ఆ మెరుపును తానే ఆర్పివేయును. సెకనులో కోటి భాగములకు కొద్ది భాగములు మాత్రమే బ్రతికిన ఆ మెరుపు ఒకచోట ఆరగనే ప్రక్కన మరియొకటి వెలుగును. కంటికి ఏకముగా కనబడు ఊదా కాంతి వాస్తవముగా లెక్కకు అందని వెంట్రుక సన్నని మెరుపుల గుంపు.

విరిగిన మీథేను ముక్కలు ఏమగునన్నది తోడుగా ఏ వాయువున్నదో దానిని బట్టి యుండును. ఒంటరిగా నున్నచో ముక్కలు ఒకదానితో నొకటి కలిసి ఈథేను, ఎథిలీను, ఎసిటిలీను అగును. బొగ్గుపులుసు వాయువు తోడున్నచో ప్రధానముగా కార్బన్ మోనాక్సైడు, ఉదజని వచ్చును. కొద్దిగా మెథనాలును కనబడును. అమ్మోనియా, నీరు, ఉదజని తోడున్నచో జరుగునది 1953లో షికాగో విశ్వవిద్యాలయమున చూచిరి. స్టాన్లీ మిల్లర్ అను యువ పరిశోధకుడు, ఆచార్య హెరాల్డ్ యూరీ మార్గదర్శకత్వమున, ఈ నాలుగింటిని గాజు పాత్రలో ఉంచి రోజుల తరబడి విద్యుత్ స్ఫులింగములు పంపగా గ్లైసీను, అలనీను మొదలైన ఎమైనో ఆమ్లములు వచ్చెను. జీవోత్పత్తి పాఠములో చెప్పుకొను ఈ ప్రయోగమును రసాయన ఉపాధ్యాయుడు వేరొక కంటితో చూడవచ్చును: ఉత్ప్రేరకము లేకుండ, కొలిమి లేకుండ మీథేను విలువైన పదార్థముగా మారిన సందర్భమది. అయితే వచ్చినది ఒక పదార్థము కాదు, గంపెడు. ఏరుకొనుట కష్టము. చల్లని ప్లాస్మా మార్గమునకు నేటికిని ఇది పెద్ద లోపమే.

1990 దశకమున స్విట్జర్లాండులోని బాడెన్ నగరములో, ఏబీబీ సంస్థ ప్రయోగశాలయందు, బాల్డూర్ ఎలియాసన్, ఉల్రిచ్ కోగెల్షాట్జ్ మొదలగువారు ఓజోను గొట్టమును మీథేనుకు, బొగ్గుపులుసు వాయువునకు మరల పట్టించిరి. భూమి వేడెక్కుట లోకమునకు చింతగా మారుచున్న కాలమది. వేడిని పెంచు రెండు వాయువులను ఒకే దెబ్బతో ఉపయోగములోనికి తేవలెనను ఊహ అనేక దేశముల వారిని ఆకర్షించెను.

మన రాష్ట్రములో ఈ పని కంది గ్రామమున నున్న హైదరాబాదు ఐఐటీలో జరిగినది. 2008లో ఎద్దుమైలారము ఆయుధ కర్మాగారపు ఆవరణలో తాత్కాలికముగా మొదలై, పిమ్మట కందికి తరలిన సంస్థ ఇది. రసాయనశాస్త్ర శాఖలో ఆచార్య చల్లపల్లి సుబ్రహ్మణ్యం, వారి విద్యార్థులు అవరోధముగల ఉత్సర్గ గొట్టములతో గాలిలోని విషపు ఆవిరులను విరుచుట, మురికినీటిలోని రంగులను పోగొట్టుట, హైడ్రోజన్ సల్ఫైడును విడదీయుట మొదలైన వాటిని పరిశోధించిరి. మీథేను, బొగ్గుపులుసు వాయువుల చర్య వాటిలో నొకటి. గొట్టపు సందులో ఉత్ప్రేరకపు పలుకులను నింపి, మెరుపులు ఆ పలుకుల నడుమనే వెలుగునట్లు చేయుట వారి పద్ధతి. అల్యూమినా మీద నికెలును, మాంగనీసును పూసిన ఉత్ప్రేరకముతో చేసిన పని 2018లో అంతర్జాతీయ పత్రికలో వెలువడెను. రామగుండపు కొలిమిలోని నికెలే ఇచటను. కాని 900 డిగ్రీల అవసరము లేదు. అణువును విరుచు పని మెరుపుది, విరిగిన ముక్కలను కావలసిన వైపునకు మళ్ళించు పని నికెలుది. మీథేను చర్యలన్నిటిలోను నికెలు మీద మసి పేరుకొని పనిచేయకుండ పోవుట పాత వ్యాధి. రెండవ లోహమును చేర్చుటలో దానిని తగ్గించు ఆలోచన కలదు.

ఇంతవరకు కథ ఉత్సాహకరముగానే ఉన్నది. ఇక లెక్క వేయవలెను. ఉన్నత పాఠశాల విద్యార్థి వేయదగిన లెక్కయే.

పదహారు గ్రాముల మీథేను, నలుబదినాలుగు గ్రాముల బొగ్గుపులుసు వాయువు కలిసి కార్బన్ మోనాక్సైడు, ఉదజనులుగా మారుటకు 247 కిలోజౌళ్ల శక్తి పీల్చుకొనును. ఒక కిలో మీథేనుకు ఇది 15,400 కిలోజౌళ్లు, అనగా సుమారు 4.3 యూనిట్ల విద్యుత్తు. ఇది ప్రకృతి విధించిన కనీసపు పన్ను. ఏ యంత్రమును దీనికి తక్కువలో చేయజాలదు. ఇందుకు ఫలముగా మూడున్నర కిలోల కార్బన్ మోనాక్సైడు, పావుకిలో ఉదజని వచ్చును. బొగ్గుపులుసు వాయువు 2.75 కిలోలు ఖర్చగును. కాని నిశ్శబ్ద ఉత్సర్గ గొట్టములు ఈ కనీసముతో పనిచేయవు. ఎలక్ట్రాను దెబ్బకు మీథేను విరుగుటకు బంధశక్తికి దాదాపు రెట్టింపు శక్తిగల దెబ్బ కావలెను; మిగిలినది వేడిగా పోవును. అనేక ఎలక్ట్రాన్లు అంత శక్తిని చేరకముందే అణువులను ఊరక కదలించి అలసిపోవును. విరిగిన ముక్కలలో కొన్ని మరల కలిసి మీథేనే అగును. బెల్జియములోని ఆంట్వెర్ప్ విశ్వవిద్యాలయపు స్నూక్స్, బోగార్ట్స్ 2017లో ప్రకటించిన విస్తృత సమీక్షలో, ప్లాస్మా మార్గము ఇతర మార్గములతో పోటీపడవలెనన్నచో శక్తి సామర్థ్యము నూటికి 60 వరకు రావలెనని లెక్కగట్టిరి. ఈ గొట్టములు సాధారణముగా పదింట ఒక వంతు దగ్గరనే తారట్లాడుచున్నవి.

పదింట ఒక వంతు అన్నచో కిలో మీథేనుకు 43 యూనిట్లు. ఆ విద్యుత్తు ఎచటినుండి రావలెను? కొత్తగూడెము, పాల్వంచ అనగానే తోచునది 1966లో విద్యుత్తునిచ్చుట మొదలిడిన థర్మల్ కేంద్రము. బొగ్గు మండించి ఒక యూనిటు చేయుటలో దాదాపు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. అనగా 2.75 కిలోల బొగ్గుపులుసు వాయువును ఖర్చుచేయుటకు 43 కిలోలు పుట్టించవలెను. పరికరము దోషరహితమై 4.3 యూనిట్లతోనే పనిచేసినను ఖర్చైన దానికంటె పుట్టినదే ఎక్కువ! గాలిలోనికి వదలిన మీథేను నూరేండ్ల లెక్కలో తన బరువునకు సుమారు 28 రెట్ల బొగ్గుపులుసు వాయువుతో సమానమైన కీడు చేయును. ఆ కీడు తప్పినదని జమ వేసికొన్నను, బొగ్గు విద్యుత్తుతో నేటి గొట్టమును నడుపుట నష్టమే. దానికంటె మీథేనును దీపమువలె మండించివేయుట మేలు. ఈ మార్గమును గూర్చి వెలువడు ఉత్సాహపూరిత వార్తలలో ఈ లెక్క అరుదుగా కనబడును.

సూర్యకాంతి నుండి వచ్చు విద్యుత్తుతో లెక్క మారును. సింగరేణి సంస్థయే 2020 తరువాత మణుగూరు, ఎల్లందు, కొత్తగూడెము ప్రాంతములలో సౌరవిద్యుత్ కేంద్రములు నెలకొల్పినది. మబ్బు పట్టినచో ఆగి, ఎండ రాగనే మొదలగు విద్యుత్తునకు 900 డిగ్రీల కొలిమి జోడు కాదు. మీట నొక్కిన క్షణములో వెలిగెడి గొట్టము జోడగును. ఇక సామర్థ్యము మాట. 1988లో ఫ్రాన్సులోని ఓర్లియాన్ నగరమున లెస్యూర్, చెర్నికోవ్‌స్కీ, షాపెల్ అనువారు జారుచాపము అను పరికరమునకు పేటెంటు పొందిరి. కత్తుల వంటి రెండు లోహపు రేకుల నడుమ పుట్టిన చాపమును వాయుప్రవాహము ముందునకు నెట్టును; అది సాగి, తెగి, మరల మొదట పుట్టును. దీనిలో వాయువు వెయ్యి డిగ్రీల పైన ఉండును గనుక చల్లని ప్లాస్మా అనుటకు వీలులేదు. హ్యూల్స్ చాపమంత వేడియు కాదు. శక్తి సామర్థ్యములో గాజుగొట్టము కంటె ఇది చాల మెరుగని తేలినది. మరీ చల్లదనమును కోరుట లాభము కాదని పరిశోధకులు నేర్చుకొనుటకు దాదాపు నూట ఏబది ఏండ్లు పట్టినది.

మిగిలినది వాయువు ప్రశ్న. గనిలోని పంకాలు వెలుపలకు తోలు గాలిలో మీథేను నూటికి ఒక వంతు కూడ ఉండరాదన్నదే గని భద్రత. అట్టి గాలిని గాజుగొట్టములో పంపినచో ఎలక్ట్రాన్ల దెబ్బలన్నియు నత్రజనికి, ఆమ్లజనికి తగిలి, మెథనాలు బదులు నత్రజని ఆక్సైడులు వచ్చును. ప్లాస్మాకు కావలసినది పొరలో బోరు వేసి, బొగ్గు త్రవ్వుటకు ముందే తీసిన చిక్కని వాయువు. మన దేశములో బొగ్గుపొర మీథేను వాణిజ్య ఉత్పత్తి 2007లో రాణిగంజ్ క్షేత్రమున మొదలైనది. గోదావరిలోయ బొగ్గుక్షేత్రములోను అన్వేషణకు 2005-06 నాటి మూడవ విడత వేలములో భాగములు కేటాయించిరి గాని, వాటినుండి వాణిజ్య ఉత్పత్తి వెలువడలేదు. మన పొరలు ఝరియా పొరల కంటె తక్కువ వాయువు గలవగుట గనిలో దిగు మనుష్యునకు అదృష్టము. వాయువు కొరకు బోరు వేయు వానికి అదే ఇబ్బంది.